తలకి నీళ్ళు

పల్లంరాజు ఏటిగట్టు ఎక్కుతూ మధ్యలో ఆగాడు. ఆగితే బరువు ఎక్కువవుతుందని తెలిసినా ఆగాడు. భుజం మీద కాయ కాసిన చోట కావడి బద్ద కరుచుకుని ఉంది. రొమ్ములో ఊపిరి ఈల వేస్తోంది. మళ్ళీ నడిచాడు. బద్ద కిర్రుమంది.

మిషను ఆసుపత్రికి నీళ్ళు మోయడం అతని పని. పూర్వం పడవ ఉండేది. గాలివానకు పోయింది. ఆ యేడే పెళ్ళాన్ని జ్వరంతో ఇక్కడికి మోసుకొచ్చాడు. ఆవిడ పోయాక వెనక్కి వెళ్ళడానికి ఏమీ కనపడక కావడి ఎత్తుకున్నాడు.

వేణ్ణీళ్ళ కాగు దగ్గర పెద్దింట్లమ్మ కుండ పట్టుకుని నిలబడి ఉంది. అతనిలాగే చేపలు పట్టే పల్లెకారుల మనిషి. మనవరాలు లోవలక్ష్మికి చెవులు చీము పట్టి, పిలిస్తే పలక్కుండా పోయింది. డాక్టరు దొరసాని మత్తిచ్చి, చెవి వెనక ఎముక తొలిచి చీము తీసింది. జ్వరం నిన్ననే దిగింది. తల తడిస్తే పిల్ల దక్కదని నర్సు రూతమ్మ అందరి ముందూ చెప్పింది.

"కాసిని వేణ్ణీళ్ళు పొయ్యి తమ్ముడూ. పిల్లకి ఒళ్ళు తుడవాలి."

పోశాడు. ఖాళీ బిందెలతో మళ్ళీ రేవుకి బయల్దేరాడు. ఆసుపత్రి మెట్టు పక్కన కుంకుడు గింజలు కనపడ్డాయి. అప్పుడే కొట్టినవి, జిగురు ఇంకా ఆరలేదు. ఒళ్ళు తుడవడానికి కుంకుళ్ళెందుకు?

కావడి అక్కడే దించి వెనక్కి పరిగెత్తాడు. పరిగెత్తి చాలా కాలమైంది.

వెనక వసారాలో పిల్ల పీట మీద కూర్చుని ఉంది. కట్టు సగం విప్పి ఉంది. చెవి వెనక గుంటలో దూది. పెద్దింట్లమ్మ చెంబు ఎత్తింది.

పల్లంరాజు చెంబు పట్టుకున్నాడు. నీళ్ళు అతని మోచేతి మీంచి కారాయి.

"ఒద్దక్కా."

"జొరం దిగాక తలకి నీళ్ళు పొయ్యకపోతే రోగం గడప దిగదు. మనోడివై ఉండి నీకు నేను చెప్పాలా?"

"తెలుసు. పోస్తే పిల్ల పోద్ది."

"చెయ్యి తియ్యి, ముసలి పీనుగా. దీని తల్లి పోయింది. ఇదొక్కతే నాకు."

ఆవిడ వదలదు, అతను వదలడు. పిల్ల ఇద్దరి మొహాలూ చూస్తోంది. చివరికి పల్లంరాజే చెంబు వదిలి, పిల్లకు అడ్డంగా నేల మీద కూర్చుని తలపాగా విప్పాడు.

"నా తలకి పొయ్యి. దాని పేరు చెప్పి పొయ్యి."

పెద్దింట్లమ్మ అతని నడినెత్తి చూసింది. "లోవలక్ష్మీ, లోవలక్ష్మీ" అంటూ పోసింది. కుంకుడు పులుసు పట్టించి పగ తీర్చుకున్నట్టు రుద్దింది.

"ఎన్నాళ్ళయిందిరా తలంటుకుని? చేపల తట్టలా కంపు."

పిల్ల నవ్వింది. అతను కళ్ళు మూసుకున్నాడు. పెళ్ళాం పోయాక ఆ తల మీద ఇంకొకరి చెయ్యి పడలేదు.

రూతమ్మ వచ్చి కట్టు విప్పినందుకు తిట్టింది. దూది తాకి చూసింది. పొడిగానే ఉంది. కొత్త కట్టు కట్టింది.

పల్లంరాజు కావడి దగ్గరికని బయల్దేరి, వంటింటి గోడ దగ్గర చతికిలబడ్డాడు. ఏటి మీంచి చలిగాలి కొడుతోంది. తల ఆరాక లేద్దామనుకున్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. లోవలక్ష్మి మంచం మీద లేచి కూర్చుని గుమ్మం వైపు తల తిప్పింది.

"మామ్మా, తాత కావడి కిర్రు కిర్రు రాలేదేంటి?"

పెద్దింట్లమ్మ పిల్ల మొహంలోకి చూసింది. "నీకు వినపడతందా?" అంది. పిల్ల తలూపింది. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, తమ్ముడికి చెబుదామని వంటింటి వైపు వెళ్ళింది.

అతను గోడకు చేరగిలబడే ఉన్నాడు. తల ఆరిపోయింది. పట్టుకుంటే చెయ్యి చల్లగా ఉంది. రొమ్ములో ఈల లేదు.

మెట్టు పక్కన, కుంకుడు గింజల దగ్గర, ఖాళీ బిందెలతో కావడి అతను దించినట్టే ఉంది.