పచ్చదీపం

చివరి బురిటోను కూడా గుడ్డలో చుట్టి పెట్టెలో సర్దేసరికి సరిహద్దు గేటు దగ్గర బండ్లు బారులు తీరాయి. ఎలోడియా పెట్టెను ఎడమ తుంటికి ఆనించుకుని వరుస వెంట నడిచింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పెనం సెగకు కుడి ముంజేతి మీద వెంట్రుకలు ఎప్పుడో రాలిపోయాయి. ఉత్తరాన ఉన్న దేశం నుంచి సరిహద్దు ఊరు నోగాలెస్‌లోకి వచ్చే బండ్లవాళ్లకు ఎండుమాంసం పెట్టి చుట్టిన రొట్టెలు, ఈ బురిటోలు, అమ్మడం పందొమ్మిదేళ్లుగా ఆమె పని.

ప్రతి బండీ దీపస్తంభం ముందు ఆగాలి. దీపం దాని ఇష్టం వచ్చినట్టు వెలుగుతుంది. పచ్చ పడితే వెళ్లిపోవచ్చు, ఎర్ర పడితే దిగి సోదా ఇవ్వాలి. తన దగ్గర కొన్న ప్రతివాడికీ ఎలోడియా గాలిలో శిలువ గీసి, "పచ్చే పడాలి నాయనా" అని దీవించేది. ఆ బండ్ల డిక్కీల్లో ఏముందో ఆమె ఎన్నడూ అడగలేదు. జీతాలు తీసుకునేవాళ్లే అడగనప్పుడు ఆమెకేం పట్టింది? ఇటు నుంచి అటు వెళ్లేవాళ్ల సంచిలో నారింజపండు ఉన్నా లాక్కుంటారు. అటు నుంచి ఇటు ఏదైనా వస్తుంది.

"ఏంటత్తా, జుట్టుకి రంగేశావ్! ఎవరి కొంప ముంచుదామని?" అన్నాడు గేటు కాపలాదారు అబుందియో.

"నోర్ముయ్యరా. సాయంత్రం మనవరాలొస్తోంది గోడ దగ్గరికి. ఈ ముసలి మొహం చూసి జడుసుకుంటుందేమోనని."

"వస్తే మాత్రం ఎత్తుకుంటావా ఏంటి? ఆ జాలీ కంతల్లో నీ చిటికెన వేలు కూడా దూరదుగా."

"నాది దూరదు. ఆర్నెల్ల పిల్లరా అది, దాని వేలు దూరుద్ది. పట్టుకుంటా."

కూతురు యెసేనియా పదకొండేళ్ల కిందట కాగితాలు లేకుండా సరిహద్దు గోడ అవతలికి వెళ్లింది. ఇవతలికి వస్తే మళ్లీ మొగుడి దగ్గరికి పోనివ్వరు. ఎలోడియా వీసాకు వెళితే, ఇల్లు లేదు, పొలం లేదు, తిరిగొస్తావని నమ్మకమేమిటని మూడుసార్లూ పొమ్మన్నారు. రెండు రోజులు పెనం ముట్టకపోతే చేతులు దురద పెట్టే మనిషి అక్కడ ఉండిపోయి ఏం చేస్తుందట? వీలైన శనివారాల్లో తల్లీకూతుళ్లు గోడ కమ్మీల మధ్య నుంచి చేతులు పట్టుకునేవారు. అది చూసి కూడా ఎవరికో కళ్లు కుట్టాయి. కమ్మీలకు ఇనుప జాలీ బిగించారు. పిల్ల పుట్టాక యెసేనియా గోడ దగ్గరికి రావడం ఇదే మొదటిసారి.

మూడున్నరకు పెట్టె ఖాళీ అయింది. ఎలోడియా మొహం కడుక్కుని, సంత వీధి మలుపులో బస్సు కోసం నిలబడింది. రెండు బండ్లలో వచ్చిన మనుషులు ఒకరి మీద ఒకరు తుపాకులు కాల్చుకుని వెళ్లిపోయారు. ఆమె వాళ్లకు ఏమీ కాదు. కాల్పులు ఆగిన కాసేపటికి బస్సు వచ్చింది. నేల మీద చతికిలబడి ఉన్న ఎలోడియా భుజం తట్టి, "లే అక్కా, బస్సొచ్చింది" అంది పక్కనున్నావిడ. ఎలోడియా లేవలేదు.

తుపాకి దొరికింది. గోడకు అవతల గంట ప్రయాణంలో ఉన్న ఒక కొట్లో, చొక్కా కొన్నంత తేలికగా కొన్నదట. ఆ పచ్చదీపం కిందుగానే వచ్చింది. ముప్పై అడుగుల గోడ కట్టినవాళ్లకు మనవరాలి వేలు పట్టుకుందామనుకున్న ముసలిది ప్రమాదకరమైన మనిషి. తుపాకి కొన్నవాడేమో బేరం. సిగ్గులేని జన్మలు! గోడ ఎత్తు ఇంకా చాలలేదని ఆ రాత్రి కూడా టీవీలో వాదించుకున్నారు.

శనివారం చీకటిపడే దాకా నిలబడిన యెసేనియా సోమవారం మళ్లీ గోడ దగ్గరికి వచ్చింది. అంతకన్నా దగ్గరికి రావడానికి లేదు. అబుందియో, మరో ముగ్గురూ శవపేటికను శ్మశానానికి తిన్నగా తీసుకుపోకుండా గోడ వీధికి మళ్లించారు. భుజాల మీద నుంచే జాలీకి ఆనించారు.

"అమ్మా, ఇదిగోనే, తెచ్చాను. చూడవే" అంటూ యెసేనియా పిల్లను ఎత్తిపట్టింది.

పిల్ల వేలు కంతలో దూరింది. ఇవతలి పేటిక చెక్కను గోకి, పిల్ల నవ్వింది. అబుందియో తల తిప్పుకున్నాడు.

గస్తీ జీపు హారన్ మోగించింది. జరగమన్నారు. యెసేనియా పిల్లను అదుముకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. పేటిక వీధి మలుపు తిరిగింది. గోడకు అవతల మట్టిలో, ఇటు నుంచి ఎవరి చేతికీ అందకుండా, పసిపిల్ల పసుపురంగు మేజోడు ఒకటి పడి ఉంది.