ఖాజా సొరుగులో డాంగిల్

నేను ఒక డాంగిల్‌ని. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కను. తెనాలిలో ఖాజా మొహిద్దీన్ డీటీపీ సెంటర్లో కంప్యూటర్ వెనకాల పదిహేనేళ్లు గుచ్చుకుని ఉన్నాను. నేనుంటేనే తెలుగు టైపుచేసే సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది. శుభలేఖైనా, సంతాప కరపత్రమైనా ముందు నా అనుమతి కావాలి. నన్ను చేసిన కంపెనీ మూతపడిందని తెలిశాక కూడా నా గర్వం తగ్గలేదు.

రెండేళ్లుగా, హరికథలు చెప్పే కోటదాసుగారు మధ్యాహ్నాలు వచ్చి, తాను కట్టిన కథలు వినిపించేవారు. ఖాజా టైపుచేసేవాడు. ఆయన ఏ కథనూ కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు జ్ఞాపకం జారిపోతోందని బెంగ.

"మీరు మర్చిపోయినా ఇది మర్చిపోదు దాసుగారూ," అన్నాడు ఖాజా. ప్రింటు తీద్దామంటే మాత్రం, ఆఖరి ఘట్టం కానిమ్మనేవారు ఆయన.

కొత్త సిస్టమ్ వేసుకోమని తెర మూల రోజూ ఒక చీటీ వచ్చేది. ఖాజా 'తర్వాత' అని నొక్కి తప్పించుకునేవాడు. పాతదానికి ఇక రక్షణ లేదని ఒకరోజు ఎర్రగా రాసి వచ్చింది. వైరస్ పడి దాసుగారి కథలు పోతాయేమోనని భయపడి, 'సరే' నొక్కేశాడు. ఆ కథల కోసమే నొక్కాడు పాపం.

వీధంతా ఆ కొత్త సిస్టమ్ గొడవే. జిరాక్స్ షాపావిడ బటన్లు కనబడక తిట్టింది. ఫొటో స్టూడియో ఆయన రంగులు చూసి మురిసిపోయాడు. ఖాజా మా సాఫ్ట్‌వేర్ తెరవబోయాడు. ఇన్నేళ్లు నన్ను వీపున మోసిన కంప్యూటర్, నేనెవరో తెలియదంది. పాత సిస్టమే మళ్లీ వేయించాడు. అప్పటికి మా సాఫ్ట్‌వేర్ చెరిగిపోయింది. దాని సీడీ గీతలు పడి పనికిరాలేదు. దాసుగారి కథలు తెరిస్తే అంకెలూ, పిచ్చి గుర్తులూ.

ఆ మధ్యాహ్నం దాసుగారు వచ్చి, ఎక్కడ ఆపామో చదవమన్నారు. ఖాజా తెర కేసి చూస్తూ, గుర్తున్న నాలుగు చరణాలు చదివినట్టు నటించాడు. ఐదోది రాలేదు. దాసుగారు అందుకోబోయారు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. తర్వాత ఖాజా జరిగినదంతా చెప్పేశాడు.

"మర్చిపోదన్నావుగా నాయనా," అన్నారాయన మెల్లగా.

మర్చిపోలేదు. అన్నీ అక్కడే ఉన్నాయి, తలుపు తీయడమే నా చేతకాలేదు. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరేది?

ఇప్పుడు నేను గుండుసూదుల సొరుగులో ఉంటున్నాను. మధ్యాహ్నాలు ఇద్దరూ నోటుపుస్తకం ముందు కూర్చుంటారు. చాలా రోజులు ఒక్క వాక్యమూ పడదు. దాసుగారు మధ్యలో ఆగిపోయినప్పుడల్లా ఖాజా సొరుగు లాగి, నన్నొకసారి చూసి, మూసేస్తాడు.