పాటలు వినని రాజేశం మీద పాటల కేసు

రియాద్‌లోని బతాలో ఒక పాత మూడంతస్తుల బిల్డింగు. కింద దుకాణాలు, పైన రూములు. ఆ రూముల్లో ఉండే జగిత్యాల, నిర్మల్ వైపు మనుషులందరికీ ఇంటర్నెట్ ఇచ్చేవాడు రాజేశం. అసలు ఉద్యోగం మెయింటెనెన్స్ కంపెనీలో ప్లంబరు. కానీ "ఏం పని చేస్తవన్నా?" అని ఎవరైనా అడిగితే పైపుల పని అనడానికి అతనికి నామోషీ. "నెట్టు నడిపిస్త" అనేవాడు.

నడిపించడం అంటే పెద్ద విద్యేమీ కాదు. సౌదీలో ఉండనిచ్చే తన ఇకామా కార్డు మీద ఒక లైను తీసుకున్నాడు, అలమర మీద వైఫై డబ్బా పెట్టాడు, మనిషికి నెలకు ఇన్ని రియాళ్లని పాస్‌వర్డు అమ్ముకున్నాడు. పైసలు ఆలస్యమైనవాడి ఫోను ఠక్కున ఆగిపోయేది. వాడు గుమ్మం దగ్గర నిలబడి బతిమాలుతుంటే రాజేశం మంచం మీద కాళ్లు చాపుకొని, "లైను వీకున్నది, జూస్త తియ్" అనేవాడు. పొద్దంతా షేకుల బాత్రూముల్లో ఒంగి పనిచేసిన నడుముకు ఆ ఒక్క మాటతో హాయిగా ఉండేది.

పాటలంటే అతనికి పడదు. ఎవరి గదిలోనైనా పాట గట్టిగా వినిపిస్తే, "నా నెట్టంత గీ లొల్లికేనా?" అని విసుక్కునేవాడు. తను మాత్రం కరీంనగర్ రోడ్డు పక్కన ప్లాట్లు అమ్మేవాళ్ల వీడియోలు చూస్తూ నిద్రపోయేవాడు.

పాటల పిచ్చి యాదగిరిది. యాదగిరి అతని బామ్మర్ది, భార్య సునీతకు సొంత తమ్ముడు. రాజేశమే వీసా పెట్టించి తెచ్చి, ఏసీల పనిలో చేర్పించాడు. చుట్టరికం వేరే, నెట్టు వేరే అని వాడి దగ్గర కూడా పైసలు తీసుకునేవాడు. యాదగిరికి పని కంటే ఫోను మీద ధ్యాస. కొత్త సినిమా పాట ఏదైనా సరే, కొన్నిసార్లు విడుదల కాకముందే, దాన్ని దించి టెలిగ్రామ్‌లో తన ఛానల్లో పెట్టేవాడు. ఛానల్ పేరు 'ఎడారి కోయిల'. రాబిగ్‌లో వెల్డర్లు, ఖమీస్ ముషైత్‌లో తాపీమేస్త్రీలు, సౌదీ ఇళ్లలో వంట చేసే కడప ఆడవాళ్లు, అందరి ఫోన్లలోనూ ఆ కోయిలే కూసేది. ఎవరూ ఒక్క రియాల్ పెట్టి పాట కొన్న పాపాన పోలేదు.

ఒకరోజు రాజేశం ఫోనుకు అరబీలో మెసేజ్ వచ్చింది. కొన్నాళ్లకు ఇంకొకటి. "లాటరీ తగిలిందని పైసలు గుంజేటోళ్లు. గిసొంటియి మస్తు జూసిన" అని రూములో అందరికీ చూపించి మరీ తీసేశాడు. మోసపోనందుకు ఆ రోజు తనకు తానే ఒక ప్లేటు బిర్యానీ ఇప్పించుకున్నాడు.

సెలవు దొరికి ఊరికి పోదామని, దేశం దాటి తిరిగి రావడానికి కావాల్సిన ఎగ్జిట్ రీఎంట్రీ అడిగితే, కంపెనీ ఆఫీసులో క్లర్కు కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండా అన్నాడు. "నీ ఇకామా మీద సర్వీసెస్ అన్నీ సస్పెండ్ అయినయ్. కోర్ట్ కేస్ పెండింగ్ ఉంది. కోర్ట్ రెండుసార్లు మెసేజ్ పంపింది, హియరింగ్‌కు ఎందుకు అటెండ్ కాలేదు?"

రాజేశం అక్కడి నుంచి నేరుగా ఫయాజ్ దగ్గరికి పరుగెత్తాడు. ఫయాజ్‌ది హైదరాబాద్. బతాలోనే టైపింగ్ ఆఫీసు నడుపుతాడు. మనవాళ్ల అరబీ కాగితాలన్నీ చదివిపెట్టేది అతనే. కేసు వివరాలు తెరిచి చదివి, ఫయాజ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రాజేశం భాయ్, నువ్వు మామూలోనివి కాదు. హైదరాబాద్ ఆడియో కంపెనీ నీ మీద దావా వేసింది. వాళ్ల పాటలన్నీ నీ లైను మీదికెల్లి దించి లోకమంత పంచినవంట. రెండు లక్షల రియాళ్లు అడుగుతున్నరు."

"నేనా? నాకు ఒక్క పాట సుత రాదు!"

"కోర్టు నిన్ను పాడమంటలేదు భాయ్."

వకీలును పెట్టుకొమ్మని ఫయాజ్ చెప్పాడు. ఫీజు ఎంతో విని రాజేశం లేచి నిలబడ్డాడు. "నిజం చెప్పనీకి వకీలెందుకు? నేనే జెప్పుకుంట."

సాయంత్రం రూములో పంచాయతీ పెట్టాడు. పాటలు దించింది ఎవరని అడిగాడు. ఒకడు తాను భజనలే వింటానన్నాడు. ఇంకొకడు వార్తలే చూస్తానన్నాడు. ఆ గదిలో అంత భక్తి, అంత లోకజ్ఞానం ఉన్నట్టు రాజేశానికి అప్పుడే తెలిసింది. యాదగిరి మాత్రం, "నా ఫోను ఖరాబుంది గద బావా" అన్నాడు. ఆ వారంలోనే ఖమీస్ ముషైత్ సైటుకు బదిలీ పెట్టించుకొని వెళ్లిపోయాడు.

విచారణ వీడియోలో జరిగింది. రాజేశం ఎవరిదో కోటు అడుక్కొని తొడుక్కొని ఫయాజ్ ఆఫీసులో కూర్చున్నాడు. తర్జుమాకు ఫయాజ్ పక్కనే. ఈ పాటలు నువ్వు దించావా అని జడ్జి అడిగాడు.

"లేదు సాబ్. నేను పాటలే ఇనను. నేను నెట్టు అమ్ముత, అంతే. మనిషికింతని తీసుకుంట. ఆళ్లు దాంట్ల ఏం జేసుకుంటే నాకేంది?"

ఫయాజ్ గొంతు తగ్గించాడు. "భాయ్, ఇది చెప్పుమంటవా? బాగ ఆలోచించుకో."

"ఎందుకు జెప్పవు? దాసనీకి నేనేమన్న దొంగనా?"

ఫయాజ్ చెప్పాడు. అప్పటిదాకా తన ఫోను చూసుకుంటున్న అవతలి వకీలు దాన్ని పక్కన పెట్టాడు. జడ్జి కొంచెం ముందుకు వంగి, ఎంతమందికి అమ్ముతావని అడిగాడు. ఇన్నేళ్లలో రాజేశం వ్యాపారం గురించి ఇంత శ్రద్ధగా అడిగిన పెద్దమనిషి లేడు. అతని ఛాతీ ఉబ్బింది.

"మా బిల్డింగు మొత్తం నాదే సాబ్. పక్క బిల్డింగుల సగం. అడిగితె ఎనక గల్లీకి గూడ ఇస్త."

పక్క బిల్డింగు సంగతి అబద్ధం. అయినా తీర్పులో అది కూడా ఎక్కింది. సొంతానికి విన్నవాడైతే ఒక లెక్క. పాటల దొంగలకు లాభం కోసం దారి అమ్మినవాడు ఇంకో లెక్క. ఆడియో కంపెనీకి డెబ్బై వేల రియాళ్లు కట్టమన్నారు. అనుమతి లేకుండా లైను అమ్మినందుకు గరామా, అంటే సర్కారు జరిమానా, వేరే. కట్టేదాకా దేశం దాటడానికి లేదు. అంత డబ్బు రాజేశం ప్లాట్ల వీడియోల్లో తప్ప ఎక్కడా చూడలేదు.

రెండు రోజులకు ఆడియో కంపెనీ తరఫు వకీలు ఆఫీసు నుంచి రిజ్వానా అనే ఆమె పిలిపించింది. ఆమెదీ హైదరాబాదే. "చూడండి, మీరు కో-ఆపరేట్ చేస్తే అమౌంట్ చాలా రెడ్యూస్ చేయించొచ్చు. ఆ ఛానల్ ఎవరిదో చెప్పండి, చాలు" అంది.

బామ్మర్ది ఎందుకు పారిపోయాడో అప్పటికి అర్థమైన రాజేశం, వాడి పేరు చెప్పనా అని ఇంటికి ఫోన్ చేశాడు. సునీత మాట పూర్తి కానివ్వలేదు.

"మా తమ్ముని పేరు జెప్తివా, నేను నీ ఇంట్ల ఉండ!"

"నువ్వు ఉండుడు తర్వాత. ముందుగాల నేను ఇంటికి రావాలె గద!"

అయినా అతను చెప్పలేదు. బామ్మర్ది కోసం జైలుకైనా పోతానని బతాలో చాయ్ దుకాణం దుకాణం తిరిగి చెప్పుకున్నాడు. విన్నవాళ్లు తల ఊపారు, ఒకరిద్దరు చాయ్ కూడా తాగించారు. త్యాగం చేయడం ఇంత బాగుంటుందని అతనికి తెలియదు. శుక్రవారం నాడు అదే సంగతి ఫయాజ్ దగ్గర ఎత్తుకునేసరికి, ఫయాజ్ తన ఫోనులో 'ఎడారి కోయిల' తెరిచి చూపించాడు. పాట పాటకు మధ్య ప్రకటనలు. కార్గో వాళ్లవి, బంగారం దుకాణాలవి, పాత కార్లవి.

"ఇవి ఉత్తగ పెడతరనుకున్నవా? ఒక్కొక్కదానికి నీ బామ్మర్ది పైసలు తీసుకుంటడు భాయ్. నీ జీతం కంటె ఎక్కువే."

త్యాగం అక్కడితో ముగిసింది. రాజేశం వెంటనే ఖమీస్ ముషైత్‌కు ఫోన్ కలిపాడు.

"అరేయ్, నెట్టు నాది, పాటలు కంపెనోళ్లయి, పైసలు నీయారా?"

"ఏరి ఏరి పెట్టే కష్టం నాది గద బావా."

"మరి నా వాటేది?"

"దేంట్ల వాటా బావా? పైసలల్లనా, కేసులనా?"

మర్నాడు రాజేశం రిజ్వానాకు బామ్మర్ది పేరు చెప్పాడు. అడక్కుండానే ఫోన్ నంబరు, సైటు పేరు, వాడు ఏ మంచం మీద పడుకుంటాడో కూడా చెప్పాడు.

యాదగిరిని రియాద్ పిలిపించారు. వాడి పని ఎలా పడతారో కళ్లారా చూద్దామని రాజేశం కూడా సెలవు పెట్టి వకీలు ఆఫీసుకు వెళ్లాడు. గోడ మీద తెరలో హైదరాబాద్ నుంచి ఆడియో కంపెనీ పెద్దమనిషి. ఆయన తిట్టలేదు. ఛానల్లో ఉన్న జనాన్ని చూసి నోరెళ్లబెట్టాడు.

"గల్ఫ్ ఛానల్ అని మేమూ పెట్టాం తమ్ముడూ. ఎంత ఖర్చు పెట్టినా నాలుగు వేల మంది దాటలేదు. నువ్వెలా తెచ్చావు ఇంతమందిని?"

"మీకంటె ముందుగాల పెడ్త సార్, అంతే."

"మాకంటే ముందు నీకెవరిస్తారయ్యా?"

"మీ ఆఫీసాయనే సార్. నెలనెల పైసలు పంపుత ఆయనకు. పేరు జెప్పుమంటరా?"

తెరలో పెద్దమనిషి నోరు కదిలింది గానీ మాట వినిపించలేదు. అప్పటికే రిజ్వానా గబగబా మ్యూట్ నొక్కేసింది. వీళ్లిద్దరినీ బయట కూర్చోబెట్టి ఖర్జూరాలు, అరబ్బుల కాఫీ కావా పంపించింది. మళ్లీ లోపలికి పిలిచేసరికి అంతా తేలిపోయింది. ఛానల్ కంపెనీకి రాసిచ్చేయాలి. ఆఫీసాయన సంగతి బయట ఎక్కడా ఎత్తకూడదు. యాదగిరి మీద కేసు ఉండదు; ఏసీల పని మానేసి జీతం మీద అదే ఛానల్ నడపాలి. హోదా, గల్ఫ్ ప్రమోషన్స్ ఇన్‌చార్జి.

రాజేశం అటూ ఇటూ చూశాడు. "మేడం, మరి నా సంగతేంది?"

"మీది జడ్జిమెంట్ అయిపోయింది కదండీ" అంది రిజ్వానా, నిజంగానే బాధపడుతూ. "కో-ఆపరేట్ చేశారు కాబట్టి సగానికి తగ్గించాం. ఇన్‌స్టాల్‌మెంట్స్‌లో కట్టుకోండి."

"నాకు గూడ ఏమన్న నౌకరి..."

"మీకు పాటల గురించి ఏం తెలుసండీ?"

రాజేశం జీతంలోంచి నెలనెలా కోత మొదలైంది. లైను పోయింది, డబ్బా పోయింది. పాస్‌వర్డు కోసం గుమ్మం దగ్గర నిలబడే మనుషులూ పోయారు. ఊరికి ఎప్పుడు వెళ్తాడో కంపెనీ చెప్పదు, కోర్టు చెప్పదు.

ఆ నెలాఖరున సునీత ఫోన్ చేసింది. గొంతులో పండగ. "మా తమ్ముడు ఆఫీసర్ అయిండట గద! ఫోటో పంపిండు, టై కట్టుకున్నడు. నువ్వు జర వానితోని మంచిగ మాట్లాడు. ఏమన్న చిన్న నౌకరి సూపెడ్తడేమో."

రాజేశం ఫోన్ పెట్టేసి చాలాసేపు తిట్టుకున్నాడు. భార్యను, బామ్మర్దిని, జడ్జిని, సినిమాలను, కోయిలలను. రెండు రోజులు ఆగి యాదగిరికి ఫోన్ చేశాడు. యాదగిరి మర్యాదగానే మాట్లాడాడు.

"తప్పకుంట జూస్త బావా. మా కంపెనీల ఒక పద్ధతుంటది. రెజ్యూమే పంపు."

శుక్రవారం డ్యూటీ లేదు. రాజేశం గడ్డం గీసుకొని, ఫయాజ్ ఆఫీసులో వరసలో కూర్చున్నాడు. తన వంతు వచ్చాక రెజ్యూమే టైపు చేయమన్నాడు.

"అనుభవం కాడ ఏం రాయాలె భాయ్?" అని అడిగాడు ఫయాజ్.

రాజేశం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పాటల లైన్ల ఉన్న అని రాయి" అన్నాడు.