ఏడో నంబరు తీసేసిన లైను

కళ్ళజోళ్ళాయనకు అనుమానం వృత్తిరీత్యా అబ్బింది. కుర్చీలో కూర్చోబెట్టి "చదవండి" అంటే, కనిపించని అక్షరాలను కూడా బట్టీపట్టి గడగడా అప్పజెప్పేసే జనం ఉంటారు. అలాంటివాళ్ళ కోసం ఆయన తెర వెనక రెండో చార్టు దాచి ఉంచుతారు. ఇరవై రెండేళ్ళుగా ఎదుటివాళ్ళ చూపు మీదే ఆయన చూపు.

ఆ చూపుకు తగిన ఉద్యోగం ఇంకొకటి దొరికింది. ఊరివికీ అని ఒక సైటు ఉంది. ఊళ్ళోని వీధులకు, వంతెనలకు, కొట్లకు, మూతపడ్డ సినిమా హాళ్ళకు అందులో ఒక్కో పేజీ. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఎవరు ఏ మాట చేర్చారో, ఏ మాట తీశారో పేజీ చరిత్రలో తేదీతో సహా నిలిచిపోతుంది. రాసేవాళ్ళు నలభైమంది. వాళ్ళను అదుపులో పెట్టే నిర్వాహకులు ఇద్దరు. ఒకరు కళ్ళజోళ్ళాయన, రెండోవారు కోర్టు ఎదుట స్టాంపు కాగితాలు అమ్మే స్టాంపులాయన. అల్లరి చేసినవాణ్ని బ్లాక్ చేయడం, బుద్ధి వచ్చిందనిపిస్తే బ్లాక్ తీయడం ఈ ఇద్దరి చేతిలో పని. జీతం లేదు, అధికారం ఉంది. జీతం లేని అధికారానికి ఉండే జోరు జీతగాళ్ళకు ఎక్కడినుంచి వస్తుంది?

ఈ మధ్య పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీ భవనాన్ని బాగుచేసి ప్రదర్శనశాలగా మార్చారు. గుమ్మం పక్కన ఇత్తడి పలక పెట్టి, దాని మీద ఊరివికీలో ఉన్న పేజీని ఉన్నదున్నట్టు చెక్కిస్తామన్నారు. శుక్రవారం పొద్దున పదింటికి పేజీలో ఏముంటే పలక మీద అదే. ఇత్తడికి 'మార్చు' అనే బటను ఉండదు. ఆ పేజీ ముప్పాతిక వంతు కళ్ళజోళ్ళాయన కష్టమే కాబట్టి, ఆయన వారం రోజులుగా దాన్ని రెప్ప వేయకుండా కాపలా కాస్తున్నారు.

సరిగ్గా అప్పుడే తగులుకున్నాడు 'ఏడో నంబరు'. సైటులో అతగాడు పెట్టుకున్న పేరది. రోజూ మధ్యాహ్నం మూడు దాటగానే వస్తాడు, ఒకే ఒక్క వాక్యం తీసేస్తాడు, పోతాడు. ఆ వాక్యం ఇది: 'వరదల నాటి మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న ఆపరేటరు కునుకు తీయడంతో ఊరి ఫోన్లన్నీ మూగబోయాయి.' ఎందుకు తీశావో రాయమని కింద ఒక గడి ఉంటుంది. ఆ గడి ఖాళీ. కళ్ళజోళ్ళాయన వాక్యాన్ని తిరిగి పెడతారు, మర్నాడు అది మళ్ళీ మాయం. ఒక హెచ్చరిక రాశారు, జవాబు లేదు. రెండో హెచ్చరిక రాశారు, వాక్యం లేదు.

"మూడింటికే ఎందుకొస్తున్నాడంటారు?" అని స్టాంపులాయనకు ఫోను చేశారు.

"ఏడూ మూడూ ఎంతండీ?"

"పది."

"పలక చెక్కేది?"

"పదింటికి!" కళ్ళజోళ్ళాయనకు ఒళ్ళు జలదరించింది. "ఇదేదో పెద్ద ఎత్తే!"

మూడింటికి ఆయన కొట్లో బల్ల మీద తల వాల్చి కళ్ళకు విశ్రాంతి ఇస్తారు. దాన్ని నిద్ర అన్నవాళ్ళతో వారం రోజులు మాట్లాడరు. ఏడో నంబరు ఏడిపించడానికి ఆ ఘడియే ఎంచుకోవడం ఆయన కడుపుమంటకు అసలు కారణం.

గురువారం పొద్దున్నే బ్లాక్ చేసిపారేశారు. గడువు, శాశ్వతం. కారణం, విధ్వంసం. బటను నొక్కిన వేలును ఒకసారి ముద్దుగా చూసుకున్నారు కూడా.

గంట తిరగకుండానే మేడ మీదనుంచి బావమరిది దిగాడు. కొట్టు కింద, కాపురం పైన. బావమరిది ఊరివికీలో బస్‌స్టాపుల పేజీలు రాస్తుంటాడు. బస్సెక్కి ఉద్యోగానికి పోవడం తప్ప బస్‌స్టాపులో చేయగల పనులన్నీ అతనికి తెలుసు.

"ఏం బావా, ఇంట్లో అన్నంపెట్టి సైటులో గెంటేస్తావా?" అంటూ ఫోను ముఖాన పెట్టాడు.

తెర మీద ఇలా ఉంది: 'మీరు వాడుతున్న ఇంటర్నెట్ అడ్రసును ఇటీవల ఏడో నంబరు అనే వాడుకరి వాడారు. అందుచేత మిమ్మల్ని కూడా ఒక రోజు పాటు ఆపాం.' దాని కింద, ఏడో నంబరును బ్లాక్ చేసిన నిర్వాహకుడిగా కళ్ళజోళ్ళాయన పేరే.

సైటులో అదొక ఏర్పాటు. బ్లాకయినవాడు ఇంకో పేరుతో దొడ్డిదారిన రాకుండా, అదే అడ్రసు నుంచి వచ్చే అందరినీ అది తనంతట తనే ఆపేస్తుంది, నిర్వాహకులను తప్ప. అందుకే ఆయనకు ఇంతవరకు చీమ కుట్టినట్టయినా లేదు. ఇప్పుడు తేలు కుట్టింది. అంటే ఏడో నంబరు ఊళ్ళో ఎక్కడో లేడు. తన ఇంటి వైఫైలోనే ఉన్నాడు. ఆ వైఫై రహస్యం వైఫుకు, బావమరిదికి, అత్తగారికి తప్ప నాలుగో ప్రాణికి తెలియదు. దూరపు చూపు దివ్యంగా ఉన్న కళ్ళజోళ్ళాయనకు దగ్గరి చూపు దెబ్బతింది.

భార్య బళ్ళో లెక్కల టీచరు. సాయంత్రం నాలుగున్నరకు గానీ ఇల్లు చేరదు. ఆయన చూపు బావమరిది మీద వాలింది.

"మధ్యాహ్నం మూడింటికి నువ్వేం చేస్తుంటావురా?"

"పడుకుంటాను."

"సాక్షి?"

"దిండు."

"వేళాకోళం కాదు. రోజూ ఆ లైను తీస్తోంది నువ్వేనా?"

"రోజూ ఒకే టైముకు ఒకే పని చేసే బుద్ధే ఉంటే ఈపాటికి ఎక్కడో ఆఫీసరుగా ఉండేవాణ్ని కద బావా! లేచాక దుప్పటి తీయనివాణ్ని, పేజీలో లైను తీస్తానా?"

ఈ వాదనకు తిరుగు లేదు. కళ్ళజోళ్ళాయన అతన్ని వదిలేశారు.

భోజనానికి పైకి వెళ్ళినప్పుడు సోఫా చేతి మీద టాబ్లెట్ కనిపించింది. టాబ్లెట్ అంటే మింగేది కాదు, ఇంట్లో అందరూ వాడే పలక. తెరిచి చూస్తే అక్షరాలు చార్టులో మొదటి వరుసంత ఉన్నాయి. ఇంట్లో ఎవరి పవరు ఎంతో ఆయనకు కంఠస్థం. అంత అక్షరం అవసరమైన కళ్ళు ఈ ఇంట్లో ఒక్క జతే. ఆ కళ్ళ మనిషి ఇప్పుడు ఎదురుగా నిలబడి అన్నం వడ్డిస్తున్నారు.

అత్తగారు ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళు. అడిగితే చెబుతారు, పిలిస్తే పలుకుతారు. తనంతట తాను నోరు విప్పగా ఎవరూ వినలేదు. ఆవిడ ఇదివరకు ఏదో ఆఫీసులో పనిచేశారని తెలుసు గానీ, ఏ ఆఫీసని ఆయన ఏనాడూ అడగలేదు.

మూడయింది. కళ్ళజోళ్ళాయన రోజూలాగే తల వాల్చారు. ఐదు నిమిషాలాగి చెప్పులు వదిలి, పిల్లిలా మెట్లెక్కారు. తలుపు ఓరగా ఉంది. లోపల అత్తగారు టాబ్లెట్ ముక్కుకు దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కుంటూ చదువుతున్నారు.

"మిమ్మల్ని... బ్లాక్... చేశారు. కారణం... విధ్వంసం." ఆపైన వెనక్కి తిరగకుండానే అన్నారు. "లోపలికి రండి బాబూ. మూడో మెట్టు కిర్రుమంటుంది."

"అత్తయ్యగారూ! ఏడో నంబరు... మీరా?"

"పన్నెండుమంది కూర్చునే బోర్డు బాబూ. అక్కడ పేర్లుండవు, నంబర్లే. ఇరవై ఆరేళ్ళు నేను ఏడు."

"ఎక్స్ఛేంజీలోనా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అడగలేదుగా."

"మరి ఆ వరదరోజు..."

"పదకొండుమంది రాలేకపోయారు. ఏడు ఒక్కతే మోకాలి లోతు నీళ్ళలో నడిచొచ్చింది."

డ్యూటీలో ఉన్న ఆపరేటరు. తెర మీద ఇన్నాళ్ళూ అది ఎవరో అనామకురాలు. ఇప్పుడు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. రేపు పదింటికి ఇత్తడిలో పడుకోబోతోంది.

"మరి ఆ ముక్క కారణం గడిలో రాయొచ్చు కదండీ! ఖాళీగా వదిలితే అనుమానపడనా?"

"బోర్డు ముందు కూర్చున్నవాళ్ళు సొంత మాట మాట్లాడకూడదు బాబూ. తప్పు లైను తగిలితే ప్లగ్గు పీకడమే. అలవాటు పోలేదు."

"అంతేనా?"

అత్తగారు చీర చెంగుతో తెర తుడిచారు. "ఆ లైను ఎవరు రాశారో చరిత్రలో ఉంటుంది కదా. చూశాను. అందుకే రాయలేదు. మీరు కునుకు తీసే వేళ చూసి తీశాను."

కునుకు అన్న మాటకు కూడా ఆయనకు కోపం రాలేదు. టాబ్లెట్ అందుకుని చరిత్రలో వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళారు. ఆ వాక్యం ఏ కక్షగట్టినవాడు రాశాడో పట్టుకోవాలని వేలు ఉరకలు వేస్తోంది. ఆరేళ్ళ కిందటి తేదీ దగ్గర వేలు ఆగిపోయింది. పక్కన ఉన్నది తన పేరు. ఆధారం అన్నచోట ఏమీ లేదు. ఎవరో కళ్ళ పరీక్షకు వచ్చి, కుర్చీలో కూర్చుని చెప్పిన కబురు. చార్టు చదివితే నమ్మని మనిషి, కబురు చెబితే నమ్మేశారు.

ఆ లైను అక్కడికక్కడే తానే తీసేయవచ్చు. కానీ విధ్వంసి అన్న ముద్ర అలాగే ఉండిపోతుంది, తీసింది అల్లుడే కాబట్టి స్టాంపులాయన తిరిగి పెడతాడు. బ్లాక్ తీసే బటనూ వేలికింద ఉంది. అయినవాళ్ళకు బ్లాక్ తీయకూడదన్న నియమం రాసింది కూడా తానే. బ్లాకయినవాళ్ళకు మిగిలేది తమ చర్చాపేజీ ఒక్కటే. అందులో విన్నపం రాసుకుంటే రెండో నిర్వాహకుడు తేల్చాలి.

"చేసిన తప్పు ఒప్పుకుని, ఇక చేయనని రాయాలండీ," అన్నారాయన, నేల చూపులు చూస్తూ.

"ఏ తప్పు?"

ఆయన టాబ్లెట్ ఆవిడ చేతిలో పెట్టారు. అత్తగారు ఒంటి వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశారు: 'నేను నిద్రపోలేదు.'

కింద 'ఈవిడ మా అత్తగారు' అని కళ్ళజోళ్ళాయన చేర్చిన రెండు నిమిషాల్లో స్టాంపులాయన ఫోను. "ఒకే ఇల్లు, ఒకే అడ్రసు! రేపు పలక, ఇవాళ అత్తగారు! నాకు అనుమానంగా ఉందండీ. ఏడో నంబరు మీరే కాదని నమ్మకమేంటి?"

"నేనే తీసి, నేనే పెట్టి, నన్ను నేనే బ్లాక్ చేసుకుంటానా?"

"స్టాంపు కాగితాలు అమ్మేవాణ్ని. ఇంతకంటే విడ్డూరాలు చూశాను."

అత్తగారు చెయ్యి చాచి ఫోను తీసుకున్నారు. వెన్ను నిటారయింది. ఆ గొంతు కళ్ళజోళ్ళాయన రెండేళ్ళలో ఎన్నడూ వినలేదు. తేటగా, తడబాటు లేకుండా, ఎదుటివాడు నోరు మూసుకునేలా ఉంది.

"ఏడో నంబరు మాట్లాడుతోంది. మీకేం కావాలి?"

అవతల గొంతు సర్దుకున్న చప్పుడు. "ఆ... ఆధారం కావాలమ్మా."

"ప్రదర్శనశాలలో గాజుపెట్టెలో లైన్ల రిజిస్టరు ఉంది. వరద తేదీ తెరిపించి చూడండి. చూశాక ఇదే నంబరుకు చేయండి." ఫోను పెట్టేశారు.

తర్వాతి గంటన్నర కళ్ళజోళ్ళాయనకు కాలు నిలవలేదు. ఆ పేజీ తడిసి పోయుంటే? చిరిగిపోయుంటే? అసలు అత్తగారే... ఆ ఆలోచన వచ్చినందుకు తన నెత్తిన తానే ఒక్కటి మొట్టుకున్నారు.

ఐదింటికి ఫోను మోగింది. ప్రదర్శనశాల నుంచి స్టాంపులాయన.

"చదువుతున్నా వినండి. పన్నెండు నలభై, కింద బ్యాటరీ గదిలో నీళ్ళు. ఒంటిగంట పది, ఆసుపత్రికి పడవ కోసం మూడు కాల్స్ కలిపాను. ఒకటి యాభై, సగం లైన్లు పోయాయి. రెండున్నర, అన్ని దీపాలూ ఆరాయి, బోర్డు దగ్గరే ఉన్నాను. అడుగున సంతకం, ఏడు. సిరా కూడా భూతద్దం పెట్టి చూశానండీ. అసలుదే."

బ్లాక్ తీశాడు. కారణం గడిలో అరపేజీ రాశాడు. అక్కడితో ఆగక కళ్ళజోళ్ళాయన చర్చాపేజీలో ఒక హెచ్చరిక అతికించాడు: 'ఆధారం లేకుండా రాసినందుకు, మొదటిది.'

అత్తగారు ఆ వాక్యాన్ని ఆఖరుసారి తీశారు. ఈసారి గడి కూడా నింపారు: 'తప్పు లైను. తీసేశాను.' మర్నాడు పదింటికి పలక మీద ఆ లైను లేదు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి కళ్ళజోళ్ళాయనకు కన్ను మూతపడలేదు. పైన అత్తగారి వేలు టాబ్లెట్ మీద టకటకలాడుతోంది. అనుమానం వేసి ఊరివికీ తెరిచారు. తన కొట్టు పేజీలో కొత్త వాక్యం ఒకటి కూర్చుని ఉంది: 'మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు యజమాని కునుకు తీస్తారు.' ఆధారంగా ఒక ఫొటో. బల్ల మీద తల, తల పక్కన కళ్ళజోడు.

చటుక్కున వాక్యాన్ని ఎంచుకుని 'తొలగించు' నొక్కబోయారు. కారణం రాయమంటూ గడి తెరుచుకుంది. అందులో 'అబద్ధం' అని మొదలుపెట్టి, ఫొటో వంక చూసి చెరిపేశారు. ఆ తర్వాత గడి మూసేసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, బల్ల మీద తల వాల్చారు.