ఫిలోన్ బల్ల మీది మినా

నేను ఒక మినాను. పాతకాలపు గ్రీకు రేవులో పుట్టిన సీసపు తూకపు దిమ్మను. నా వీపు మీద డాల్ఫిన్ బొమ్మ ఉంటుంది. ఇప్పుడు మ్యూజియంలో అద్దాల వెనక కూర్చోబెట్టి, పక్కన "మినా: ఒక తూకం. అంత తూగే వెండికీ అదే పేరు" అని చీటీ అంటించారు. బాగానే ఉంది. ఆ అర్థం నాకెలా తెలిసొచ్చిందో తలుచుకుంటే మాత్రం ఒళ్ళు కంపరమెత్తుతుంది.

పోతపోసిన నాడు నేను నిక్కచ్చిగానే తూగేదాన్ని. రేవులో వెండి మారకం చేసే ఫిలోన్ నన్ను కొని, అడుగున ఇంకాస్త సీసం అతికించాడు. జనం దగ్గర వెండి పుచ్చుకునేటప్పుడు నన్ను పెట్టేవాడు, ఇచ్చేటప్పుడు కల్తీలేని నా జత దిమ్మను. మిగిలింది ఆయన పెట్టెలోకి. పైగా పొద్దున్నే దేవుడికి ధూపం! పైన పటారం, లోన లొటారం.

ఒకరోజు అద్దకం పనిచేసే మిర్తో వచ్చింది. ఆమె తమ్ముడు దామోన్‌ను సముద్రపు దొంగలు పట్టుకున్నారు. విడిపించడానికి ఒక మినా వెండి కావాలి. అది ఫిలోన్ చేతనే తూయించాలని రేవు కట్టుబాటు. దొంగల పడవ ఎదురుగానే ఉంది, గాలి తిరిగితే వెళ్ళిపోతుంది. కలపకు కరువున్న ఊరది. ఇంటి తలుపులు ఊడబెరికి అమ్మి మరీ వెండి తెచ్చింది ఆ పిల్ల.

నా పళ్ళెం లేవలేదు.

"ఇంటికాడ సరిగ్గా తూగిందయ్యా!"

"త్రాసుకు చుట్టరికాలుండవమ్మా. ఇంకేమన్నా ఉంటే తే."

చెవుల వెండి కమ్మలు తీసి వేసింది. ఇంకా చిటికెడు తక్కువ. ఇంటికి పరుగెత్తి, చిన్న వెండి నాణెం ఒకటి తెచ్చింది. ఆ దేశంలో పోయినవాళ్ళ నోట్లో ఒక నాణెం పెడతారు, పరలోకపు నది దాటించే పడవకు కూలి. మిర్తో తల్లి పొద్దున్నే పోయిందని రేవంతటికీ తెలుసు. ఫిలోన్‌కూ తెలుసు. నాణేన్ని గుడ్డతో తుడిచి పళ్ళెంలో వేశాడు. త్రాసు సమానంగా నిలిచింది. నామీద నాకే అసహ్యం వేసింది.

మిర్తో పడవవైపు తిరగగానే ఫిలోన్ జత దిమ్మ పెట్టి దొంగలకు తూచి ఇచ్చాడు. కమ్మలూ, ఆ నాణెమూ మిగిలాయి.

దామోన్‌ను కట్లు విప్పి ఒడ్డుకు తోశారు. తల్లి సంగతి విని అక్కను పట్టుకుని భోరుమన్నాడు.

"అమ్మ నోట్లో పడవ కూలి పెట్టావా అక్కా?"

మిర్తో వాడి తల నిమిరింది. "పెట్టాన్రా."

"మంచి కూతురు," అన్నాడు ఫిలోన్, పెట్టెకు తాళం వేస్తూ.