కాడ కింద సంచి

ఆకులు రాలడం మొదలైన మొదటి ఆదివారం ఆ ఇంట్లో పొయ్యి మామగారిది. మిగతా ఆదివారాలన్నీ కోడలివే అనుకోండి, వాటికెవరూ చప్పట్లు కొట్టరు. ముప్ఫై ఏళ్ళు అడవిలో గార్డుగా పనిచేసిన మనిషి. తెల్లవారుతూనే బుట్ట పట్టుకుని వెళ్ళి పుట్టగొడుగులు ఏరుకొస్తాడు, తనే కడుగుతాడు, తనే కోస్తాడు, తనే వండుతాడు. పక్కనుంచి ఎవరైనా నోరెత్తితే ఇక అంతే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ సాయంత్రం వంటగది వెచ్చగా ఉంది. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టింది. పెద్ద గిన్నెలో బంగాళాదుంపలు, గుమ్మడికాయ ముక్కలు, పుట్టగొడుగులు కుతకుత ఉడుకుతున్నాయి. కోడలు ఉల్లిపాయ తొక్కలు చెత్తబుట్టలో వెయ్యబోయి ఆగిపోయింది. మామగారు కోసి పారేసిన కాడల మొదళ్ళలో ఒకదానికి, పగిలిన గుడ్డుపెంకులా, తెల్లటి సంచి ఉంది.

పెళ్ళయిన కొత్తలో ఆయనే నేర్పాడు. "కాడ కింద సంచి కనపడితే దాన్ని ముట్టుకోకమ్మాయ్. ఎంత ఉడికించినా దాని విషం చావదు. ఒక్కటి చాలు, ఇంటిల్లిపాదికీ."

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. ఆ మొదలు తాలూకు గొడుగు కూడా అక్కడే ఉంటుందేమోనని చెత్తబుట్టంతా వెతికింది. లేదు. గిన్నెలోకే వెళ్ళింది.

వెంటనే చెప్పెయ్యాలి కదా అంటారు మీరు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఎన్నైనా చెబుతారు. కొంతకాలంగా ఆయన పేపరు మనవరాలిచేత చదివిస్తున్నాడు, "పిల్లకి చదువు పట్టుబడుతుంది" అంటూ. గుమ్మం దాటేటప్పుడు గోడ తడుముతున్నాడు. ఇంట్లో అది కనిపెట్టింది కోడలొక్కతే. "కళ్ళు చూపించుకుందాం మామయ్యా" అని ఒకసారి అన్నందుకు వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. పైగా ఇవాళ ముందుగదిలో ఆడపడుచు కూర్చుని ఉంది. ఈ వయసులో నాన్నకి అడవెందుకని ఏడాదిగా దెప్పుతున్న మనిషి. ఈ సంగతి ఆమె చెవిన పడిందా, బుట్ట అటకెక్కుతుంది, దానితోపాటు మనిషీ మూలన పడతాడు.

"మామయ్యా, ఈసారి కూర మానేసి ఇంకేదైనా చేద్దామా?"

"ఎందుకూ? దీనికేమొచ్చింది?" అని ఆయన గరిటె ఎత్తాడు. "ఉండు, ఉప్పు చూస్తాను."

"నేను చూశాను! సరిపోయింది."

అబద్ధం ఆడేసింది. ఆయన గరిటె దించాడు. ఇప్పుడు చెబుదాం, గిన్నె దించాక చెబుదాం అనుకుంటూ గంట గడిపింది. చివరికి ఆయన గిన్నెను తనే మోసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు.

"తాతయ్యా, ముందు నాకే!" అంది కోడలి కూతురు ఉడుత. ముందు పళ్ళు రెండూ ఊడి కొత్తవి వస్తున్న పిల్ల, ఇంటిల్లిపాదీ అలాగే పిలుస్తారు. తాత దాని పళ్ళెం నిండా వడ్డించాడు. పిల్ల చెంచా నింపుకుని ఊదింది. ఇంకొకసారి ఊది నోరు తెరిచింది.

తల్లి దాని చేతిలో చెంచాను ఒక్క దెబ్బ కొట్టి, బల్ల మీది గుడ్డను రెండు చేతులా లాగేసింది. గిన్నె, పళ్ళేలు, రొట్టె అన్నీ నేల మీద పడ్డాయి. ఉడుత గొల్లుమంది.

"నీకేమైనా పిచ్చా?" అంటూ భర్త లేచాడు.

"కాలు జారిందండీ."

"నిలబడ్డచోట కాలు జారిందా వదినా?" అంది ఆడపడుచు.

మామగారు లేచాడు. వంటగదిలోకి నడిచాడు. వెనకే పరుగెత్తిన కోడలికి ఆయన చెత్తబుట్ట ముందు వంగి కనిపించాడు. మొదళ్ళను ఒక్కొక్కటే వేళ్ళతో తడుముతున్నాడు. సంచి ఉన్నదాని దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఎప్పుడు చూశావు?"

"గంటయింది మామయ్యా."

"పిల్ల నోటిదాకా వచ్చేవరకూ, గంటసేపు, నా పరువు కాపాడావన్నమాట."

"మీరు బాధపడతారని..."

"బాధపడితే చస్తానా? అది తింటే చచ్చేవాళ్ళం అందరం!"

ఆమె సిగ్గుతో కుంగిపోయింది. ఆయన కోప్పడతాడనే భయపడింది గానీ ఆ కోపం తన పిరికితనం మీద ఉంటుందని అనుకోలేదు. ఆ మొదలు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

నేల కడిగారు. గుడ్లు ఉడకబెట్టి, ఇంకో రొట్టె కోసుకుని మళ్ళీ కూర్చున్నారు. మామగారు కూతురు కూర్చున్న వైపు తిరిగి, అందరికీ వినబడేలా అన్నాడు.

"ఇందాక మిమ్మల్నందర్నీ చంపబోయాను. కూరలో విషపు గొడుగు వేశాను. చూపు ఆనడం లేదు నాకు, మూణ్ణెల్లయింది." తరవాత కోడలివైపు తిరిగాడు. "అమ్మాయ్, నా పళ్ళెంలో ఎక్కడేముందో చెప్పు."

ఆడపడుచు చేతిలోని రొట్టె పళ్ళెంలో పెట్టేసింది.

"కుడివైపు రొట్టె మామయ్యా," అంది కోడలు. "ఎడమవైపు గుడ్డు."

"ఎలా ఉంది గుడ్డు?"

ఆమె తన పళ్ళెంలోని గుడ్డు కొరికి చూసింది.

"బాగాలేదు. ఎక్కువ ఉడికిపోయింది."

"అదీ. అలా చెప్పాలి," అని ఆయన ఎడమచెయ్యి చాపి గుడ్డు అందుకున్నాడు.