జవాబు రాని పేరు

మొక్కజొన్న జావ అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. ఈ వేసవిలో నాకు మిగిలిన పని అదే. చర్చి కింది గదిలో మా నల్లజాతి పిల్లల కోసం వేసవి బడి మొదలుపెట్టింది నేనూ, నా కూతురు జెనెస్సా. మావాళ్లు రాసిన పుస్తకాలు, మావాళ్ల పాటలు. ఏడాదంతా వెళ్లే సర్కారు బడిలో వాళ్లకు దొరకనివి. మార్చిలో కాన్పుకు వెళ్లిన జెనెస్సా తిరిగి రాలేదు. బిడ్డా దక్కలేదు. తల పగిలిపోతోందని ఎంత చెప్పినా ఆసుపత్రిలో "కాస్త ఓర్చుకోమ్మా" అన్నారు. పక్కనే ఉండి కూడా నేనేమీ చేయలేకపోయాను.

జూన్‌లో పాస్టర్‌గారు నా చేయి పట్టుకుని, "సిస్టర్ వెర్నెల్, మీరు దుఃఖంలో ఉన్నారు. ఈసారి బడి మన సంఘపెద్ద డీకన్ హోసియా చూసుకుంటారు. మీరు వంటగదిలో ఉంటే చాలు. మీ చేతి జావకి సాటేముంది!" అన్నారు. దుఃఖంలో ఉన్న మనిషి పాఠం చెప్పకూడదట, బడంతటికీ వండవచ్చట. ఇంటికొచ్చి చెబితే నా భర్త క్లియోఫస్ టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఇన్నేళ్లూ ఊరికే చేశావు, ఇప్పుడూ ఊరికేగా. ఎక్కడ నిలబడితే ఏముందే?" అన్నాడు.

పొద్దున్నే పిల్లలు గుండ్రంగా వేసిన కుర్చీల ముందు నిలబడి, ఒక్కొక్కరూ తమవాళ్లలో చనిపోయిన ఒకరి పేరు పిలుస్తారు. బడి నడిపేవాళ్లు ముందుగా "ఆషే" అనాలి, అంటే ఔను, మాతోనే ఉన్నారు అని; ఆ తర్వాతే పిల్లలు అందుకుంటారు. ఆ మాట వినేదాకా పిలిచినవాళ్లు కూర్చోరు. నేనింకా జెనెస్సా పేరు పిలవలేదు.

ఇవాళ వంటగది తలుపు అవతల అమారియా గొంతు వినిపించింది. దానికి చదవడం నేర్పింది జెనెస్సాయే.

"మిస్ జెనెస్సా!"

ఎవరూ పలకలేదు.

"మీ ఇంట్లో పెద్దవాళ్ల పేరు చెప్పమ్మా, మీ తాతదో ఎవరిదో," అన్నారు డీకన్.

"మా తాత బతికే ఉన్నాడండీ. పొద్దున నన్ను తిట్టాడు కూడా."

పిల్లలు నవ్వారు.

"సరే, కూర్చో."

"ఎవరూ ఆషే అనలేదుగా, ఎలా కూర్చుంటాను?"

"టైమవుతోంది. కూర్చో అన్నానా!"

కుర్చీ చప్పుడు కాలేదు.

ఆ మాట అంటే నా కూతురు చనిపోయిందని నా నోటితో ఒప్పుకున్నట్టు. అనకపోతే, ఎంత చెప్పుకున్నా వినిపించుకోని చోట దాన్ని మళ్లీ వదిలేసినట్టు.

గరిట పక్కన పెట్టి తలుపు తీశాను.

"ఆషే," అన్నాను. అమారియా కూర్చుంది.

"సిస్టర్, పొయ్యి మీద..." అన్నారు డీకన్. మాడు వాసన నాకూ తెలుస్తూనే ఉంది.

వెళ్లి పిల్లల మధ్య నిలబడ్డాను.

"తర్వాత ఎవరు?" అని అడిగాను.